గోడ అవతలి మనిషి

"ఎన్ని చప్పుళ్లు విన్నావు ప్రసాద్?"

"రెండు మేడం."

"కంపెనీ ఇచ్చిన కాగితంలో ఒకటే అని ఉంది. కింద నీ సంతకం కూడా ఉంది."

"ఆ కాయిదం ఇంగ్లీషుల ఉండె. తొడకు కుట్లేస్తుంటే వచ్చి దస్తఖత్ పెట్టమన్నరు. పెట్టిన."

కుసుమకుమారి ఆ కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టింది. ఆసుపత్రి మంచం మీద గంగాప్రసాద్ తలగడకు ఆనుకుని కూర్చున్నాడు. కుడి తొడ చుట్టూ లావుపాటి కట్టు ఉంది. జగిత్యాల పక్క పల్లెటూరి మనిషి. దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో, సైన్యాలకు బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు తయారుచేసే దిర్ అల్ రిమాల్ ఫ్యాక్టరీలో హెల్పరు. నాలుగు రోజుల కిందట అక్కడి వర్క్‌షాపులో నైట్రోజన్ సిలిండర్ పేలి, అతని పక్కన కూర్చుని పనిచేస్తున్న రాజలింగం చనిపోయాడు.

రాజలింగం సిలిండర్‌ను నిర్లక్ష్యంగా దొర్లిస్తూ కింద పడేశాడనీ, తప్పు పూర్తిగా అతనిదేననీ కంపెనీ రాసిచ్చింది. పోలీసు విచారణ నడుస్తూనే ఉంది. కార్మికులకు బీమా చేసిన సంస్థ తన తరఫున నిజం తేల్చమని కుసుమకుమారిని పంపింది. భర్త ఉద్యోగం కోసం దుబాయ్ రాకముందు ఆమె హైదరాబాదు ఫోరెన్సిక్ లేబొరేటరీలో, తుపాకులూ తూటాలూ పరీక్షించే విభాగంలో పన్నెండేళ్లు పనిచేసింది.

"మొదటి చప్పుడు ఎలా ఉంది?"

"టప్పుమని చిన్నగ. గోడలకెల్లి వచ్చినట్టు. రాజలింగమన్న తల తిప్పి గోడ దిక్కు సూశిండు. ఏందిరా అది అన్నడు. గా మాట అయిందో లేదో, సిలిండర్ పేలింది."

"సిలిండర్ అతని చేతిలో ఉందా?"

"యాడిది మేడం. గోడకు గొలుసు కట్టి ఉండె. అన్న స్టూలు మీద కూసొని జాకెట్ల లోపలి ప్లేట్లకు గుడ్డ తొడుగుతుండె. నేను అందిస్తున్న." గంగాప్రసాద్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. "రేణుక వదినెకు ఫోన్ చేసి, నీ మొగడు సిలిండర్ పడేసుకొని తనూ సచ్చిండు, పక్కోన్ని గూడ సంపబోయిండు అని చెప్పిన్రట. ఆమె నాకు ఫోన్ చేసి మాఫీ అడిగింది మేడం. సచ్చిన మనిషి తరఫున నాకు మాఫీ చెప్పుడేంది?"

కుసుమకుమారి కుర్చీ మంచం దగ్గరకు జరుపుకుంది.

"డాక్టరు నీ తొడలోంచి తీసిన ముక్కలేవి?"

గంగాప్రసాద్ మంచం పక్కన అరలోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసిచ్చాడు. అందులో నల్లని ఇనుప ముక్కలు మూడు ఉన్నాయి. వాటితోపాటు గోటి ముక్కంత పలుచటి రేకు ఒకటి. సీసాను వెలుతురుకు పట్టి తిప్పింది. రేకు ఎర్రగా మెరిసింది. సిలిండర్‌ది ఉక్కు. ఇది రాగి. ఒక అంచున సన్నటి సమాంతరపు గీతలున్నాయి. తుపాకీ గొట్టంలోంచి దూసుకొచ్చిన తూటా పైతొడుగు మీద పడే గీతలవి. అటువంటివి ఆమె వేలల్లో చూసింది.

నర్సును పిలిచి ఆమె ఎదుటే సీసాను కవర్లో పెట్టి అతికించింది. ముగ్గురూ దాని మీద సంతకాలు చేశారు. కేసు చూస్తున్న పోలీసు అధికారికి ఫోన్ చేసి ఆసుపత్రికి వచ్చి దాన్ని తీసుకెళ్లమంది. ఆ వెంటనే మరో నంబరు కలిపింది. జాకెట్లు కొనే సైన్యం తరఫున సరుకు పరీక్షించే మేజర్ సుహైల్ నంబరది.

"మేజర్, ఒక్క ప్రశ్న. ఆ రోజు ఫ్యాక్టరీలో మీరు తుపాకీ ఎన్ని గంటలకు పేల్చారు?"

"పదకొండు దాటాక. ఎందుకు?"

"సిలిండర్ పేలింది కూడా పదకొండు దాటాకే. కంపెనీ మాత్రం మీరు పది గంటలకే పరీక్ష ముగించి వెళ్లిపోయారని రాసిచ్చింది."

"నేను వస్తున్నాను" అన్నాడు మేజర్.

* * *

ఫ్యాక్టరీ మెట్ల మీదే నాగచైతన్య ఎదురయ్యాడు. ఇస్త్రీ నలగని చొక్కా, మెడలో విజిటర్ కార్డు. మూడేళ్ల కిందటిదాకా కుసుమకుమారి కిందే పనిచేసి, ఆమె దగ్గరే దర్యాప్తు నేర్చుకున్నాడు. ఇప్పుడు సొంతంగా కన్సల్టెన్సీ పెట్టి కంపెనీల పక్షాన నివేదికలు రాస్తున్నాడు.

"మేడమ్, మీకు శ్రమ తప్పించాను. నా రిపోర్టు రెడీ. సిలిండర్ కింద పడి వాల్వు విరిగింది. ఓపెన్ అండ్ షట్ కేసు."

"సిలిండర్ పడిందని నీకెవరు చెప్పారు?"

"ఐ విట్‌నెస్. గంగాప్రసాద్."

"అతనికి ఇంగ్లీషు వచ్చా?"

నాగచైతన్య చేతిలోని రిపోర్టు తిరగేశాడు.

"అతనితో తెలుగులో మాట్లాడావా? మన భాషే కదా. ఆసుపత్రి ఇక్కడికి ఎంత దూరం? కారులో కూర్చుంటే ఏసీ చల్లబడేలోపు వెళ్లిపోతావు. వెళ్లలేదు. వీళ్లిచ్చిన కాగితం చూసి రాసేశావు."

"క్లయింట్ స్టేట్‌మెంట్‌ను అనుమానించడానికి నాకు కారణం కనపడలేదు మేడమ్. మీకు ప్రతి ఫ్యాక్టరీలోనూ హంతకుడు కనిపిస్తాడు. అందుకే మీతో ఎవరూ ఎక్కువ కాలం పనిచెయ్యరు."

"నాతో పనిచేసినన్నాళ్లు నువ్వు అబద్ధం రాయలేదు."

నాగచైతన్య ముఖం ఎర్రబడింది. అంతలో లోపలి నుంచి వీరరాఘవరావు వచ్చాడు. ఫ్యాక్టరీ ముదీర్, అంటే మేనేజరు. కింది వాళ్ల బతుకులన్నీ ఆయన చేతిలోనే. అరవైకి దగ్గర పడిన మనిషి, మెత్తటి గొంతు, గుంటూరు యాస.

"రండమ్మా కుసుమగారూ. పాపం, ఆ కుర్రాడి సంగతి తలుచుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఎన్నిసార్లు చెప్పామో, సిలిండర్లతో జాగ్రత్త అని. మాట వినరు. చదువు లేదు కదా."

"ఆ కుర్రాడికి నలభై ఒక్క ఏళ్లండీ. తూటాలు పేల్చే టన్నెల్ చూపించండి."

"టన్నెలా? ప్రమాదం జరిగింది వర్క్‌షాపులో కదమ్మా."

"వర్క్‌షాపు కూడా చూస్తాను. ముందు టన్నెల్."

"అది సైన్యం వాళ్ల పరీక్షల కోసం కట్టిందమ్మా. వాళ్ల అనుమతి లేకుండా నేను..."

"మేజర్ సుహైల్ దారిలో ఉన్నారు. ఆయన వచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడదామంటారా?"

వీరరాఘవరావు నాగచైతన్య వైపు చూశాడు. సాయం దొరకలేదు. జేబులోంచి తాళాలు తీశాడు.

* * *

టన్నెల్ అంటే పొడుగాటి ఇరుకు గది. ఒక కొసన తుపాకీని బిగించే ఇనుప స్టాండు, రెండో కొసన ప్లేటును నిలబెట్టే చట్రం. జాకెట్టు లోపల ఛాతీ మీద ఉండే గట్టి పలకనే ఇక్కడ ప్లేటు అంటారు. తూటాను ఆపేది అదే. దానికి తగిలి తూటా ఆగిపోతే సరుకు పాసయినట్టు. ఎప్పుడైనా దూసుకుపోతే పట్టుకోవడానికి చట్రం వెనక మందపాటి ఉక్కు రేకుల అడ్డం ఉండాలి.

ఇక్కడ చట్రం వెనక వట్టి గోడ ఉంది.

కుసుమకుమారి వంగి నేలను చూసింది. గోడకు కాస్త ఇవతల సిమెంటులో ఆరు బోల్టు రంధ్రాలున్నాయి. వాటి చుట్టూ ఏదో బరువైనది ఏళ్ల తరబడి నిలబడిన గుర్తు చదరంగా కనిపిస్తోంది.

"ఉక్కు అడ్డం ఏదండీ?"

"కొత్తది తెప్పిస్తున్నామమ్మా. పాతది తుక్కులో వేశాం."

"ఎప్పుడు తీశారు?"

"మొన్ననే. ప్రమాదం జరిగాక."

ఆమె వేలితో ఒక రంధ్రంలో తడిమి చూసింది. లోపల దుమ్ము గట్టిపడి, సాలెగూడు కట్టి ఉంది. వేలు ఆయన ముందు పెట్టింది. "నాలుగు రోజుల్లో ఇంత బూజా? నెలలు అయింది తీసి."

గోడ తెల్లగా మెరుస్తోంది. మూడు పక్కలా పాత పసుపు రంగు, ఈ ఒక్క గోడకే కొత్త తెల్ల పెయింటు. ముక్కు దగ్గరపెట్టి వాసన చూసింది. పెయింటు వాసన ఇంకా పోలేదు. టార్చిలైటును గోడకు అడ్డంగా ఆనించి వెలిగించింది. ఏటవాలు వెలుతురులో గోడ మధ్యన రూపాయి బిళ్లంత చోట నునుపు తేడాగా కనపడింది.

సంచీలోంచి దారపు ఉండ తీసింది. "చైతన్యా, ఇటు రా. ఈ కొస తుపాకీ స్టాండు మీద గొట్టం ఉండే చోట పట్టుకో."

"మేడమ్, నేను ఇక్కడికి వచ్చింది..."

"పట్టుకో."

పాత అలవాటు. నాగచైతన్య వెళ్లి పట్టుకున్నాడు. ఆమె దారాన్ని చట్రం నడిమధ్య నుంచి లాగి గోడదాకా తీసుకెళ్లింది. దారం కొస సరిగ్గా ఆ బిళ్లంత మరక మీదకు వచ్చింది. అవతలి కొసన నిలబడి నాగచైతన్య దారం వెంటే చూపు సారించాడు. ఆ చూపు మరక దగ్గర ఆగిపోవడం ఆమె గమనించింది.

నేల నుంచి మరక ఎత్తూ, పక్కగోడ నుంచి దూరమూ టేపుతో కొలుచుకుంది. ఎవరితోనూ మాట్లాడకుండా బయటికి నడిచి వర్క్‌షాపులోకి వెళ్లింది. ఇద్దరూ వెనకే వచ్చారు.

టన్నెల్ గోడకు అవతలి వైపే వర్క్‌షాపు. సిలిండర్ ఉన్న చోట నేల నల్లగా మాడి ఉంది. గోడకు తెగిన గొలుసు వేలాడుతోంది. దాని పక్కనే, హెల్మెట్ పెట్టుకోమని మూడు భాషల్లో రాసిన కొత్త బోర్డు తగిలించి ఉంది. ఆమె ఫోటో తీసి, చేతి తొడుగు వేసుకుని బోర్డును పక్కకు జరిపింది.

వెనక కొత్తగా పూసిన లప్పం.

టేపు పెట్టింది. అదే ఎత్తు. అదే దూరం.

"లప్పం తవ్వను" అంది. "అది పోలీసుల పని. వాళ్లు వచ్చేదాకా ఇక్కడ ఎవరి చెయ్యీ పడకూడదు. చైతన్యా, నువ్వే కాపలా."

నాగచైతన్య గోడను చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "లోపల బోలు ఇటుకలు. తూటాకు ఇది అడ్డమే కాదు. దాటొచ్చి సిలిండర్‌ను బీటలు వారిస్తే, లోపలి ఒత్తిడికి అది క్షణం తర్వాత పేలింది."

"నువ్వు ఆ రిపోర్టు రాయకముందు ఈ బోర్డు తీసి చూసుంటే బాగుండేది."

అతను తల దించుకున్నాడు. "ఆయన నాకు సిలిండర్ ఫోటోలు మాత్రమే చూపించాడు మేడమ్."

"చూపించినవే చూడమని నేను నేర్పలేదు."

* * *

మేజర్ సుహైల్ యూనిఫాంలోనే వచ్చాడు. నలభై దాటిన ఎత్తరి మనిషి. చిన్నప్పటి నుంచీ బజారులో విన్న హిందీ ఆయనకు ధారాళంగా వచ్చు. కుసుమకుమారి దారం చూపించి, మరక చూపించి, లప్పం చూపించి, ఆసుపత్రిలో చూసిన రాగి రేకు సంగతి చెప్పింది. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా అడ్డు రాలేదు. అంతా అయ్యాక వీరరాఘవరావు వైపు తిరిగాడు.

"ఆ రోజు చప్పుడు వినపడకుండా చెవులు మూసే మఫ్లర్లు పెట్టుకున్నాను. పేల్చగానే నేల అదిరింది. ఏమిటది అని అడిగితే, ఇరుకు గది కదా, ప్రతిధ్వని అన్నావు. నన్ను ఇంకో తలుపు గుండా ఆఫీసుకు తీసుకెళ్లి గహ్వా కాఫీ ఇచ్చావు. తూటా ఇరుక్కున్న ప్లేటు తెచ్చి చూపించావు. అది నేను కాల్చిన ప్లేటేనా?"

"సర్, అదే సర్."

"ఆ రోజు మీరు చట్రంలో ముందే ఒక ప్లేటు పెట్టి ఉంచారు. నేను దాన్ని తీయించాను. డెలివరీకి కట్టిన పెట్టె విప్పించి, నా చేత్తో ఇంకోటి తీసి పెట్టాను. గుర్తుందా?"

వీరరాఘవరావు తాళాల గుత్తి జేబులో వేసుకున్నాడు.

కుసుమకుమారికి అప్పుడు మొత్తం కళ్లకు కట్టింది. కోపంతో ఆమె గొంతు పెరగలేదు. పైగా ఇంకా తగ్గింది.

"రావుగారూ, మేజర్ పెట్టెలోంచి ప్లేటు తీసినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. అది తూటాను ఆపదని మీకు తెలుసు. వెనక ఉక్కు అడ్డం లేదని తెలుసు. గోడ అవతల మనుషులు కూర్చుని పనిచేస్తున్నారని తెలుసు. ఆయన తుపాకీ బిగించి గురి చూసేదాకా మీకు బోలెడు టైముంది. ఆగండి అని ఒక్క మాట అంటే చాలు. ఎందుకు అనలేదు?"

"నాకు అటువంటిదేమీ తెలియదమ్మా. ఊహలు కట్టి నన్ను..."

"ఆ మాట అంటే ఎందుకు ఆగాలో చెప్పాల్సి వచ్చేది. అందుకని నోరు మూసుకున్నారు. అవతల ఉన్నది రాజలింగమే కదా అనుకున్నారు. చంపింది చాలక, తప్పు అతనిదే అని పెళ్లానికి ఫోన్ చేయించారు."

మేజర్ బయటికి వెళ్లి జీపులోంచి తన జాకెట్టు తెచ్చాడు. అదే లాటులో వచ్చింది. లోపలి నుంచి ప్లేటు బయటికి లాగి, కత్తితో గుడ్డను చీల్చాడు. పైన నల్లటి పూత, దాని కింద గట్టి పలక. బల్ల మీదున్న సుత్తి అందుకుని అంచున ఒక్కటి కొట్టాడు.

పలక మూడు ముక్కలైంది. వెనక వైపు అతికించిన పలుచటి పీచు ఊడి వచ్చింది. కుసుమకుమారి ఒక ముక్క తిప్పి చూసింది. వెనకంతా అడ్డంగా నిలువుగా సన్నటి గాడులు. సిమెంటు పట్టుకోవడానికి ఉండే గాడులు.

"ఇది నేల మీద పరిచే టైలు" అంది. "మా వంటింట్లో ఉంది. మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది. నల్ల రంగు వేసి, గుడ్డ తొడిగారు."

మేజర్ చేతిలోని ముక్కను చాలాసేపు చూశాడు. "నా తుపాకీతో" అన్నాడు. "గోడ అవతల మనిషి ఉన్నాడని నాకు తెలియదు. నా తుపాకీతో చంపించావు."

"సర్." అన్నాడు వీరరాఘవరావు. ఆయన కళ్లు మేజర్ ముఖం మీద కాక గోడ గడియారం మీద ఉన్నాయి. "ఇవాళ ఫుజైరాలో ప్రదర్శన ఉంది కదా సర్. దానికి మేం విడిగా పంపిన జాకెట్టే వాడుతున్నారు కదా?"

మేజర్ చేతిలోని ముక్కను బల్ల మీద పెట్టేశాడు.

"ఏం ప్రదర్శన?" అంది కుసుమకుమారి.

"ఉమ్మడి విన్యాసం. నాలుగు మిత్ర సైన్యాల అధికారులు వచ్చారు." మేజర్ జేబులో ఫోన్ వెతుక్కున్నాడు. "వాళ్ల ముందు ఒక మనిషి ఈ జాకెట్టు తొడుక్కుని నిలబడతాడు. ఎదురుగా నిలబడి ఛాతీ మీద కాలుస్తారు. కంపెనీ మంచి పెట్టెలో ప్రత్యేకంగా ఒకటి పంపింది. ఇది మోసంలా ఉంది, సైనికులు తొడిగేదే చూపించాలి అని నేనే దాన్ని పక్కన పెట్టించాను. లాటులోంచి ఒకటి తీసి ఇచ్చాను."

"తొడుక్కునేది ఎవరు?"

"హుమైద్. మా అక్క కొడుకు. తనే ముందుకొచ్చాడు."

ఆయన అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. హుమైద్ ఫోన్ కట్టేసి ఉంది. రేంజ్‌లోకి వెళ్లేవాళ్లు ఫోన్లు బయటే ఇచ్చేయాలి. శిబిరం డ్యూటీ గది మొబైల్‌కు కలిపాడు. ఎవరో ఎత్తారు. మేజర్ అరబ్బీలో అరిచాడు. కుసుమకుమారికి అందులో ఒక్క మాటే అర్థమైంది. ఆపు, ఆపు.

ఫోన్ స్పీకర్లో పరుగు వినిపించింది. కంకర మీద బూట్ల చప్పుడు, ఆయాసం, దూరంగా మైకులో ఎవరో మాట్లాడుతున్న గొంతు. పరుగెత్తే మనిషి కేక వేశాడు. మళ్లీ వేశాడు.

తుపాకీ పేలింది.

మైకు ఆగిపోయింది. బూట్ల చప్పుడు ఆగిపోయింది. మేజర్ గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. వీరరాఘవరావు మెల్లగా తలుపు వైపు అడుగు వేస్తే నాగచైతన్య అడ్డం వెళ్లి నిలుచున్నాడు.

"కూర్చోండి సర్" అన్నాడు. "ఎక్కడికీ వెళ్లేది లేదు."

ఫోన్లో గరగర. తర్వాత మామను పిలుస్తూ ఒక కుర్ర గొంతు. అతనూ మేజర్‌లాగే హిందీ కలిపి మాట్లాడాడు.

"ఖాలూ?"

మేజర్ కళ్లు మూసుకున్నాడు. "హుమైద్. నీకు..."

"నాకేం కాలేదు. ముందు బొమ్మకు తొడిగి కాల్చారు. అదే జాకెట్టు విప్పి, కొత్త ప్లేటు పెట్టి నాకు తొడగాలి." ఆ కుర్రాడు ఊపిరి అందక ఆగాడు. "ఖాలూ, బొమ్మ వీపులోంచి వెలుతురు కనబడుతోంది. అందరూ చూస్తున్నారు. జనరల్స్ అందరూ లేచి నిలబడ్డారు."

మేజర్ స్టూలు మీద కూలబడ్డాడు. కుసుమకుమారి ఫోన్ తన వైపు తిప్పుకుని హిందీలో అడిగింది.

"హుమైద్, ఈ లాటులో జాకెట్లన్నీ మీ శిబిరంలోనే ఉన్నాయా? అన్నీ ఒకచోట పోగు చేయించు. ఎవరూ ముట్టుకోకూడదు."

"సగమే ఉన్నాయి మేడమ్. మిగతా సగం మిత్రదేశం దళానికి ఇచ్చేశాం. వాళ్లు పొద్దున్నే ఓడెక్కారు."

"ఆ ఓడ రేవులోనే ఉందా?"

"లేదు. తెల్లవారగానే బయల్దేరింది. అందరూ ఆ జాకెట్లే తొడుక్కుని మెట్లెక్కారు. నేనే దగ్గరుండి ఎక్కించాను."

కుసుమకుమారి మేజర్ వైపు చూసింది. ఓడ ఎక్కడికి వెళుతోందో అడగబోయింది. ఆయన ముఖం చూశాక అడగాల్సిన పని లేకపోయింది.

"వాళ్లు వెళ్తున్నది ప్రదర్శనకు కాదు" అన్నాడు మేజర్.